ఒకప్పుడు పట్టి యొకప్పుడు పట్టని బ్రేకు

పూర్తిగా చెడిన బ్రేకు మెకానిక్కునకు పెద్ద చిక్కు కాదు. తొక్కినంతనే పెడలు నేలకంటును; దోషమెచ్చటనో వెదకి పట్టవచ్చును. చిక్కంతయు ఒకప్పుడు పట్టి యొకప్పుడు పట్టని బ్రేకుతోనే. దారిలో గుండె ఝల్లుమనిపించి, మెకానిక్కు ముందర మాత్రము ఏమియు నెఱుగనట్లు చక్కగా పనిచేయును. అతడు నాలుగుమార్లు తొక్కిచూచి, బ్రేకు బాగానే యున్నదనును. అతని మాట యబద్ధము కాదు. ఆ క్షణమున అది బాగానే యున్నది. పాతకార్లను ప్రేమతో నుంచుకొన్న శ్రోతలకు నేనీ సాయంకాలము చెప్పదలచినదేమనగా, ఇట్టి బ్రేకు తోచినప్పుడెల్ల తప్పదు. తప్పుటకు దానికొక వేళ కలదు. ఆ వేళను గుర్తించినచో దోషమున్న చోటు తెలియును.

దృష్టాంతమున కొక బండి కావలెను గనుక అంబాసిడరును తీసికొందము. ఇంగ్లండుదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ నమూనాను అనుసరించి, హిందూస్థాన్ మోటార్సువారు దీనిని పశ్చిమబెంగాలులోని ఉత్తర్‌పాడాలో 1957 మొదలు 2014 వఱకు తయారుచేసిరి. తొలి నమూనాలలో నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. డ్రైవరు కాళ్లక్రింద, నేలపలకకు దిగువను మాస్టరు సిలిండరు కలదు. పెడలు తొక్కగానే అందలి పిస్టను బ్రేకు ఆయిలును త్రోయును. ఆ యొత్తిడి సన్నని గొట్టములగుండ చక్రములను చేరి, అచ్చటి వీల్ సిలిండర్ల ద్వారా షూలను డ్రమ్ము లోపలిగోడకు అదుమును. నాలుగు చక్రములకును ఒత్తిడి బయలుదేరు చోటొక్కటే యగుటవలన, ఏ మూల ఆయిలు కారిపోయినను నాలుగింటి బ్రేకులును ఒక్కమారే పోవును. నేటి కార్లలో ఇట్టి త్రోవలు రెండుండును. ఒకటి పోయినను రెండవది మిగులును. పాతబండిలో మిగులునది హ్యాండు బ్రేకొక్కటే, అదియు వెనుక చక్రములకు మాత్రమే. కావున ఇంకొకమారు వచ్చినప్పుడు చూతములే యను మాట ఈ బండివిషయమున చెల్లదు.

మొదట, మెల్లగా దిగు పెడలు. సిగ్నలువద్ద కాలు మృదువుగా నుంచి నిలిచియుండగా పెడలు కొంచెము కొంచెముగా క్రిందికి పోవును. భయపడి గట్టిగా తొక్కినచో నిలిచిపోవును. ఇది వింతగా తోచునుగాని కారణము సులభము. మాస్టరు సిలిండరులోని పిస్టను ముందర రబ్బరు కప్పొకటి కలదు. ఒత్తిడి హెచ్చినకొలది దాని యంచు విచ్చుకొని సిలిండరు గోడకు బిగియ నంటుకొనును. అరిగిన కప్పు గట్టిగా తొక్కినప్పుడు అంటును. మెల్లగా తొక్కినప్పుడు అంటక, ఆయిలును తన ప్రక్కనుండి వెనుకకు జాఱవిడుచును. ఆయిలు బయటికి పోదు, తొట్టిలో మట్టము తగ్గదు. మెకానిక్కన్ననో సహజముగా గట్టిగానే తొక్కి చూచును! బండిని చదునైన చోట నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టి, పెడలును తేలికగా నొక్కి ఒక నిమిషము కదల్పకుండవలెను. దిగినచో, చక్రముల లోపలివైపునను నేలపలక క్రిందను తడి యున్నదేమో చూడవలెను. ఎచ్చటను తడి లేనిచో దోషము మాస్టరు సిలిండరులోనే యని తలపవచ్చును.

మఱియొక సంగతి. ఏండ్లతరబడి పిస్టను పైసగములోనే తిరిగిన సిలిండరులో మిగిలిన సగము తుప్పుపట్టి యుండవచ్చును. గొట్టములలోని గాలి తీయునప్పుడు పెడలును నేలవఱకు తొక్కినచో రబ్బరంచు ఆ తుప్పుమీద రాచుకొని తెగును. నిన్నటివఱకు మంచిదైన సిలిండరు గాలితీసిన మఱునాడు చెడుటకు ఇది యొక కారణము.

మొదటి తొక్కునకు లోతుగా పోయి, రెండవ మూడవ తొక్కులకు పైన నిలుచు పెడలు వేఱు. పైకి వచ్చినపిమ్మట రాయివలె గట్టిగా నున్నచో షూలకును డ్రమ్మునకును ఎడము పెరిగినదన్నమాట. లైనింగు అరుగుదల చూచి సర్దవలెను. స్పంజివలె నున్నచో గొట్టములలో గాలి చేరినది.

ఇక పట్టకపోవుటకు మాఱుగా వదలకపోవు బ్రేకు. మా బావగారి అంబాసిడరు విజయనగరములో తిరుగునంతవఱకు బాగుండెడిది. విశాఖపట్టణమునకు బయలుదేరినచో, ఇరువది కిలోమీటర్లు దాటునప్పటికి బండి బరువెక్కి, యాక్సిలరేటరు ఎంత నొక్కినను సాగక, చక్రములనుండి కాలిన వాసన వచ్చెడిది. చెట్టునీడను అరగంట నిలిపినచో మరల సుఖముగా పరుగెత్తెడిది. రెండు వర్కుషాపులలో షూలు మార్చిరి, వీల్ సిలిండర్లు మార్చిరి; డబ్బు పోయెను, జబ్బు పోలేదు. చివరకొక వృద్ధ మెకానిక్కు బండిని తాకకమునుపే అడిగెను: "ఎన్ని కిలోమీటర్లు వెళ్లాక పట్టుకుంటుంది బాబూ? ఆపాక ఎంతసేపటికి వదుల్తుంది?" సమాధానము విని, తానును బండిలో కూర్చుండి, పట్టుకొనువఱకు నడిపించెను. పట్టుకొన్నచోటనే బండి నాపించి, చక్రములకు రాళ్లు పెట్టి, మాస్టరు సిలిండరునొద్ద గొట్టపు నట్టును కొంచెము వదులుచేసెను. ఆయిలు చివ్వున చిమ్మెను. నాలుగు చక్రములును ఒక్కసారిగా వదలెను.

కాలు తీసినప్పుడు ఆయిలు మరల తొట్టిలోనికి పోవుటకు మాస్టరు సిలిండరులో సూదిబెజ్జము వంటి రంధ్రమొకటి కలదు. పిస్టను పూర్తిగా వెనుకకు రానిచో రబ్బరు కప్పు ఆ రంధ్రమును మూసియే యుంచును. బండి నడచినకొలది ఆయిలు వేడెక్కి వ్యాకోచించును. పోవుటకు దారి లేక షూలను త్రోయును. అవి రాచుకొని మఱింత వేడి పుట్టించును. చల్లాఱిన పిమ్మట సర్వము సద్దుమణుగును. మా బావగారి బండిలో పెడలునకును పిస్టనుకును నడుమ ఉండవలసిన కొద్దిపాటి ఎడము లేకపోయెను. దానిని సర్దుటకు అరగంట పట్టెను. కొన్ని బండ్లలో ఇదే జబ్బు మఱియొక త్రోవను వచ్చును: బ్రేకు ఆయిలునకు బదులు ఎవరో ఇంజను ఆయిలు పోయుదురు, రబ్బరులన్నియు ఉబ్బి పిస్టను కదలక నిలుచును. అప్పుడు సర్దుబాటు పనికిరాదు. రబ్బరులన్నియు మార్చి గొట్టములు కడుగవలెను.

ఒక్క చక్రము మాత్రమే పట్టి వదలనిచో ఆ చక్రమునొద్దకే పోవలెను. అది పట్టియుండగా బ్లీడరును వదులుచేసి చూడుడు. ఆయిలు చిమ్మి చక్రము వదలినచో ఒత్తిడి లోపల చిక్కుకొన్నది. తఱచుగా ఇది పాతబడిన రబ్బరు హోసు పైపు చేయు పని. పైకి నిగనిగలాడుచుండియు లోపల పొర లేచి, ఆయిలును పోనిచ్చునుగాని రానీయదు. బ్లీడరు విప్పినను చక్రము వదలనిచో పిస్టను తుప్పుపట్టినదో, షూ స్ప్రింగు విఱిగినదో, వెనుక చక్రమైనచో హ్యాండు బ్రేకు తీగ బిగిసినదో చూడవలెను. ఏ చక్రము కాలుచున్నదో తెలిసికొనుటకు డ్రమ్మును చేతితో తాకవలదు. అరచేతి వెనుకభాగమును దగ్గఱగా నుంచినను తెలియును. కాలిన డ్రమ్ముపై నీరు పోయుట అంతకన్న తప్పు. పోత ఇనుము పగులవచ్చును.

అన్నింటిలోను ప్రాణాంతకమైనది ఘాటు దిగునప్పటి దోషము. అరకునుండి అనంతగిరి మీదుగా శృంగవరపుకోటకు దిగునప్పుడు, బండి బరువునంతయు బ్రేకులమీదనే మోపినవారికి రెండు విధముల అపాయము కలదు. పెడలు గట్టిగా పైననే యుండి బండి మాత్రము ఆగనిచో లైనింగు కాగి పట్టు తప్పినది. పెడలు మెత్తబడి దిగిపోయినచో ఆయిలు మరగి ఆవిరియైనది. ఆయిలు నొక్కిన నణగదు, ఆవిరి యణగును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 అను రకము కొత్తదిగా నున్నప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడునకు లోపల మరగరాదని నియమము, నూటికి 3.7 పాళ్ల నీరు చేరినచో ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవును. దిగువకు చేరి టీ త్రాగుటకు ఆగినవారు క్షేమముగా వచ్చితిమని తలతురు. కాని అప్పుడే డ్రమ్ములలోని వేడి వీల్ సిలిండర్లలోనికి ఎక్కుచుండును. బండి కదిలించిన తరువాతి మొదటి తొక్కు నేలకంటుట కలదు. గంట గడచినపిమ్మట ఏ వర్కుషాపులో చూచినను బ్రేకు నిర్దోషియే! ఇచ్చట మరల కొండదిగి పరీక్షింపరాదు. పాత ఆయిలును పూర్తిగా తీసి కొత్తది పోయవలెను. ఎక్కిన గేరులోనే దిగవలెనను పాతడ్రైవర్ల మాట ఈ బండ్లకు ఇప్పటికిని శాసనమే.

వానకాలపు తప్పులలో చాలభాగము నిరపాయములు. రాత్రి వాన వెలిసిన ఉదయమున మొదటి తొక్కునకు చక్రము చటుక్కున పట్టుట డ్రమ్ముమీది పలుచని తుప్పువలన. రెండుమూడు తొక్కులతో పోవును. నీటిలో దిగి వచ్చిన బండికి మెల్లగా పోవుచు తేలికగా నాలుగైదుమార్లు బ్రేకు వేసినచో లైనింగులు ఆఱును. ఎండలోను వానలోను ఒకేవైపునకు లాగు బండి సంగతి వేఱు. ఎడమకు లాగినచో కుడిచక్రము పనిచేయుట లేదేమో మొదట చూడవలెను. అచ్చటి వీల్ సిలిండరు కారి లైనింగు తడిసి యుండవచ్చును.

దారిలోనే పెడలు దిగిపోయినచో ఇంజను ఆపవలదు. పెడలును వడివడిగా పదేపదే తొక్కుచు, ఒక్కొక్క గేరే దించుచు, హ్యాండు బ్రేకును మెల్లమెల్లగా లాగవలెను. ఒక్కమారుగా లాగినచో వెనుక చక్రములు బిగిసి బండి అడ్డము తిరుగును. ఆగిన పిమ్మట, పెడలు మరల గట్టిపడినను సరే, ఆ బండిని మఱియొక బండిపై నెక్కించి వర్కుషాపునకు చేర్చి, ఎన్ని కిలోమీటర్లకు తప్పెనో, పెడలు మెత్తగా నుండెనో గట్టిగా నుండెనో, చక్రములలో ఏది కాగెనో కాగితముమీద వ్రాసి మెకానిక్కు చేతికీయవలెను.