పేమెంట్ మధ్యలో నెట్ పోతే మళ్లీ నొక్కొచ్చా? యాప్‌లు సేఫ్‌గా రీట్రై చేసేది ఇలా!

రైల్లో వెళ్తూ మొబైల్ రీఛార్జ్ చేస్తున్నారు. సిగ్నల్ ఒక్క గీతకి పడిపోయింది. చక్రం తిరిగి తిరిగి ‘టైమ్‌ఔట్’ అని వచ్చింది. డబ్బు కట్ అయిందా, లేదా? ఈ డౌట్ మీకే కాదు, మీ యాప్‌కి కూడా ఉంటుంది! నేను రోజూ పని చేసేది ఏపీఐల మీదే కాబట్టి, లోపల ఏం జరుగుతుందో సింపుల్‌గా చెప్తాను.

టైమ్‌ఔట్ అంటే ఫెయిల్ కాదు

జవాబు రాలేదు, అంతే. రిక్వెస్ట్ సర్వర్ దాకా వెళ్లకపోయి ఉండొచ్చు. లేదా సర్వర్ పని పూర్తి చేసినా, జవాబు దారిలో పోయి ఉండొచ్చు. ఫోన్‌కి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఏది మళ్లీ పంపొచ్చు?

హెచ్‌టీటీపీ స్టాండర్డ్ ప్రకారం గెట్, పుట్, డిలీట్ రిక్వెస్టులు ఎన్నిసార్లు పంపినా సర్వర్ మీద ప్రభావం ఒకసారి పంపినట్టే ఉండాలి. దీన్నే ‘ఐడెంపొటెంట్’ అంటారు. పోస్ట్‌కి ఆ గ్యారంటీ లేదు. రెండుసార్లు పంపితే రెండు ఆర్డర్లు పడొచ్చు.

అందుకే స్ట్రైప్ లాంటి పేమెంట్ ఏపీఐల్లో ‘ఐడెంపొటెన్సీ కీ’ ఉంటుంది. ఒక్కో ఆర్డర్‌కి ఒక్కో యూనిక్ కీ అన్నమాట. రీట్రైలో కూడా అదే కీ వెళ్తే, సర్వర్ పని మళ్లీ చేయకుండా పాత జవాబే తిరిగి ఇస్తుంది. మీరు కోడ్ రాస్తుంటే ఈ కీని రీట్రై లూప్ బయటే తయారు చేయండి. లూప్ లోపల ప్రతిసారీ కొత్త కీ పుడితే, సర్వర్‌కి ప్రతిదీ కొత్త ఆర్డరే!

ఎంత గ్యాప్ ఇవ్వాలి?

వెంటవెంటనే కొడితే, అసలే ఇబ్బందిలో ఉన్న సర్వర్ ఇంకా కుంగిపోతుంది. అందుకే 1, 2, 4, 8 సెకన్లు... ఇలా గ్యాప్ పెంచుకుంటూ పోవాలి. దానికి కొంచెం ర్యాండమ్ టైమ్ కూడా కలపాలి. లేదంటే వేల ఫోన్లు ఒకే క్షణంలో మళ్లీ మీద పడతాయి. నాలుగైదు ప్రయత్నాల తర్వాత ఆపేయడం మంచిది.

429, 503 ఎర్రర్లతో పాటు ‘రీట్రై-ఆఫ్టర్’ హెడర్ వస్తే, అందులో చెప్పినంత సేపు ఆగాలి. 400 వస్తే మాత్రం రీట్రై దండగ. తప్పు రిక్వెస్ట్‌ని పదిసార్లు పంపినా తప్పే కదా!

మరి మీరేం చేయాలి?

యాప్ తనంతట తాను చేసే రీట్రైకి పాత కీ ఉంటుంది. కానీ మీరు వెనక్కి వెళ్లి మళ్లీ ‘పే’ నొక్కితే, చాలాసార్లు అది కొత్త ఆర్డర్, కొత్త కీ. కాబట్టి ‘పెండింగ్’ అని కనిపిస్తే ముందు హిస్టరీలో స్టేటస్ చూడండి. ఫెయిల్ అని తేలాకే రెండోసారి నొక్కండి.