వేగం ఎక్కువైతే త్వరణం ఎక్కువా?

న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో పక్కనే ఉన్న ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోయే ఆమ్‌ట్రాక్ ఎసెలా రైలును చూసి, దాని త్వరణం ఎంత ఎక్కువో అనుకునేవారే ఎక్కువ. తిన్నటి పట్టాల మీద అది గంటకు 125 మైళ్ల వేగంతో నిలకడగా సాగుతున్నంతసేపూ దాని త్వరణం సున్నా. అదే స్టేషన్‌లో ఆగి బయలుదేరిన లోకల్ రైలు 20 సెకన్లలో సెకనుకు 10 మీటర్ల వేగం అందుకుందనుకోండి, దాని త్వరణం 0.5 మీ/సె². అంటే వేగం ఎంతన్నది ఇక్కడ లెక్కలోకే రాదు. అది ఎంతసేపట్లో ఎంత మారిందో చూడాలి.

చివరి వేగంలోంచి తొలి వేగం తీసేసి, పట్టిన కాలంతో భాగిస్తే సరిపోతుంది. ఇంత తేలికైన లెక్క అమెరికాలో చదివే మన పిల్లలకు తప్పేది ఎక్కువగా యూనిట్ల దగ్గరే. ఓ కారు 8 సెకన్లలో సున్నా నుంచి 60 మైళ్ల వేగానికి చేరితే 60ని 8తో భాగించి 7.5 మీ/సె² అని రాసేస్తారు. నిజానికి ఆ 7.5 సెకను సెకనుకూ పెరిగిన గంటకు మైళ్లు. 0.447తో గుణిస్తేనే అసలు జవాబు, దాదాపు 3.35 మీ/సె², వస్తుంది. కారు మొదట్లో గట్టిగా లాగి తర్వాత మందగిస్తుంది కదా, మరి సూత్రం తప్పా అని అడగవచ్చు. తప్పు కాదు, అది చెప్పేది సగటు త్వరణం. ఏ క్షణాన ఎంతో తెలియాలంటే కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి లెక్కించాలి.

బ్రేకు వేస్తే త్వరణం ఉండదన్నది ఇంకో అపోహ. రూట్ 1 మీద 55 మైళ్ల వేగంతో వస్తున్న కారు 5 సెకన్లలో ఆగితే త్వరణం −4.9 మీ/సె², పైన చెప్పిన కారు వేగం పుంజుకున్న దానికన్నా ఇదే ఎక్కువ. అలాగని మైనస్ గుర్తు కనిపించిన ప్రతిచోటా వేగం తగ్గుతోందనుకోకూడదు. ముందుకు వెళ్లే దిశను ప్లస్‌గా తీసుకుంటే, రివర్స్ గేర్‌లో వేగం పెంచుతున్న కారుకూ మైనస్సే వస్తుంది. ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ మలుపులది. ఎడమకు తిరగాలంటే ముందు కుడివైపు దిగి చుట్టి రావాల్సిన జగ్‌హ్యాండిల్ ర్యాంపులు న్యూజెర్సీలో చాలాచోట్ల ఉన్నాయి. స్పీడోమీటర్ ముల్లు 20 మైళ్ల దగ్గరే నిలిచి ఉంటే త్వరణం ఎక్కడిదంటారు. దిశ మారినా మార్పే. మలుపు వ్యాసార్థం 30 మీటర్లయితే అది 2.7 మీ/సె². అదే మలుపు 30 మైళ్లతో తిరిగితే 6 మీ/సె², అంటే రెట్టింపుకు పైనే. ఎందుకంటే అక్కడ వేగాన్ని దానితోనే గుణించి వ్యాసార్థంతో భాగిస్తాం.

పిల్లలచేత ఈ లెక్కలు చేయించేటప్పుడు ముందు యూనిట్లు ఒకటి చేయించండి, దిశ రాయించండి, ఆ తర్వాతే భాగహారం. లైసెన్సు తీసుకోబోయే వయసు వాళ్లుంటే, ర్యాంపు దగ్గరి పసుపు బోర్డు మీద ఉన్న వేగం ఎందుకంత తక్కువో వాళ్లచేతే లెక్కగట్టించండి.