రైతు ఇంట కదలని పనిబల్ల

తొలకరి పడిన దినములలో వడ్రంగికి తీరిక ఉండదు. గొర్రుకు ఒక చీల ఊడినను, పారకు పిడి విరిగినను అతని కొరకు వేచియుండుటలో అదను తప్పును. ఇట్టి చిన్న పనులను ఇంటివద్దనే చేసికొనుట మేలు.

వడ్రంగులు నేలపై కూర్చుండి, కొయ్యను కాలితో అదిమిపట్టి ఉలి నడుపుదురు. అది చిన్ననాటి నుండి అలవడిన నేర్పు. క్రొత్తవారు అట్లు చేసిన కాలికి గాయము తగులును. కొయ్యను కదలకుండ పట్టియుంచు బల్ల ఉన్నచో రెండు చేతులును ఉలి వెనుకనే ఉండును. కావున మొదట పనిబల్లనే చేసికొనవలెను.

బల్ల ఎందుకు ఊగును?

చిత్రిక పట్టునపుడు బల్లను దాని పొడవు వెంబడి త్రోయుదుము. ఆ త్రోపునకు కాళ్లు ఒక ప్రక్కకు ఒరగజూచును. పై పలకను ఎంత మందముగా వేసినను ఈ ఊపు ఆగదు. దానిని ఆపునది క్రింది చట్రమును, అందలి అతుకులును. మేకులతో మాత్రమే బిగించిన కాళ్లు కొద్ది దినములలోనే వదులగును.

కొయ్య

నల్లతుమ్మ బరువైనది, గట్టిది, కాళ్లకు తగినది. టేకు తక్కువగా వంగును, చెదలకు తట్టుకొనును. కాని ఖరీదు ఎక్కువ. మామిడి చౌకయే గాని త్వరగా పుచ్చును. ఏ కొయ్యయైనను చేవ గలదానినే వాడి, పైనుండు తెల్లని భాగమును తీసివేయవలెను.

పచ్చికొయ్య పనికిరాదు. అది ఆరినకొలది కుంచించుకొని అతుకులు వదులగును. అంగుళము మందము గల పలక నీడలో ఆరుటకు సుమారు ఒక సంవత్సరము పట్టును. లావు కొయ్యకు ఇంకను ఎక్కువ కాలము కావలెను. అందుచేత పాత ఇంటి దూలములు, వాడుకలో లేని ఎద్దుబండి కొయ్యలు మంచివి. కోయుటకు ముందు వానిలోని మేకులన్నియు పెరికివేయవలెను.

కొలతలు

నిటారుగా నిలిచి చేతులు వ్రేలాడవేయుడు. నేలనుండి మణికట్టు వరకు గల ఎత్తే బల్ల ఎత్తు. ఇది చాలమందికి 32 అంగుళములకు అటునిటుగా ఉండును. పొడవు 5 అడుగులు, వెడల్పు 20 అంగుళములు చాలును. కాళ్లు 4 అంగుళముల చదరముగాను, ప్రక్క పట్టెలు 4 అంగుళముల వెడల్పు, 1½ అంగుళముల మందముతోను ఉండవలెను. పొడవు పట్టెలకు మందము అంతయే. వెడల్పు మాత్రము 6 అంగుళములు కావలెను. వెడల్పు ఎక్కువైనకొలది పట్టె కాలికి గట్టిగా ఆని ఊపును ఆపును.

చట్రము

రెండేసి కాళ్లను పైన ఒకటి, క్రింద ఒకటి ప్రక్క పట్టెలతో కలిపి రెండు జతలు చేయుడు. క్రింది పట్టె నేలకు 5 అంగుళముల ఎత్తున ఉండవలెను. తరువాత ముందొకటి, వెనుకొకటి పొడవు పట్టెలతో ఈ జతలను కలుపుడు. బెజ్జములు ఒకదానిలో ఒకటి కలియకుండ పొడవు పట్టెలను కొంచెము పైకి అమర్చవలెను.

పట్టె కొనను ½ అంగుళము మందము గల కుసిగా చెక్కి, కాలిలోని బెజ్జమునకు బిగువుగా చేర్చవలెను. దీనిని చీలతో బిగించు పద్ధతి ఇది: ముందు కాలికి అడ్డముగా చీల కొరకు రంధ్రము తొలిచి, కుసిని లోనికి దూర్చి, రంధ్రపు నడిబిందువును కుసిపై గుర్తించుడు. కుసిని వెలికి తీసి, గుర్తుకంటె 1/16 అంగుళము పట్టె వైపునకు జరిపి అందు రంధ్రము చేయుడు. మరల చేర్చి, కొన సన్నగా చెక్కిన గట్టి కొయ్య చీలను కొట్టిన, అది కుసిని లోనికి లాగి అతుకును బిగించును. జిగురుతో పనిలేదు.

చీలలు కొట్టుటకు ముందు చట్రము మూలనుండి మూలకు రెండు వైపుల కొలుచుడు. రెండు కొలతలు సమమైననే చట్రము సరిగానున్నట్లు.

పై పలకలు

2½ అంగుళముల మందము, 10 అంగుళముల వెడల్పు గల పలకలు రెండు చాలును. కొయ్య వానలలో అడ్డముగా ఉబ్బును, ఎండలలో కుంచించుకొనును. పొడవున మాత్రము దాదాపు మారదు. కనుక రెండు పలకల నడుమ ¼ అంగుళము సందు విడువవలెను. పైనున్న ప్రక్క పట్టెల లోపలివైపున చిన్న కొయ్యముక్కలు బిగించి, వాని గుండా క్రిందినుండి మరమేకులు వేయుడు. ప్రతి పలకకు ముందువైపు మరమేకు బిగువుగాను, వెనుక మరమేకు అడ్డముగా సాగదీసిన రంధ్రములోను ఉండవలెను. అట్లు చేయనిచో పలక పగులును.

ముందు కాళ్లును, పలక ముందంచును ఒకే వరుసలో ఉండవలెను. అప్పుడు పొడవైన పలకను అంచుకు ఆనించి బిగింపవచ్చును. కుడిచేతి వాటము గలవారు ఎడమ చివర ఇనుప వైసును అమర్చుకొనవలెను.

జాగ్రత్తలు

మట్టినేలపై ప్రతి కాలి క్రింద నాపరాయి ముక్క ఉంచిన చెమ్మ, చెదలు దరిచేరుట తగ్గును. క్రింది ప్రక్క పట్టెలపై చెక్కలు పరచి, ఇసుక నింపిన పెట్టె ఉంచిన బరువు పెరుగును. ఉలితో బెజ్జములు కొట్టుపనిని కాలికి సరిగా పైననే చేయవలెను. అవిసెనూనె పూసిన గుడ్డను ముద్దగా పడవేసిన దానంతటదే అంటుకొనగలదు; విప్పి ఆరుబయట ఆరవేయవలెను.

పని ముగిసిన పిమ్మట బల్ల చివర రెండు చేతులు వేసి పొడవు వెంబడి బలముగా త్రోయుడు. బల్ల మొత్తము జరిగిన, ఇంకను బరువు పెట్టుడు. కాళ్లు ఒరగిన, అతుకులను సరిచూడుడు. వేసవిలో ఈ పని ముగించినవారు తొలకరికి తమ పనిముట్లను తామే సరిచేసికొనగలరు.