ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుల శిక్షణ - ప్రవర్తనా విశ్లేషణ ఆవశ్యకత

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేక అవసరాలు గల బాలబాలికల కోసం సమగ్ర శిక్షా పథకం కింద మండల స్థాయిలో భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు వంటి ప్రాంతాలలో బిడ్డ ప్రవర్తన గురించి అడగడానికి తల్లిదండ్రులకు దొరికే మొదటి వ్యక్తి తరచుగా ఆ కేంద్రంలోని ఉపాధ్యాయుడే. కొరికే బిడ్డను, తల బాదుకునే బిడ్డను ఇంటికి పంపివేస్తే బిడ్డకు చదువు, తల్లికి కూలి రెండూ పోతాయి. కనుక ఈ ఉపాధ్యాయునికి ఎటువంటి శిక్షణ అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. ప్రవర్తన వెనుక ప్రయోజనం

ప్రవర్తనా విశ్లేషణలో మూడు అంశాలను నమోదు చేస్తారు: ముందు జరిగినది, బిడ్డ చేసినది, తరువాత లభించినది. ఒక బాలుడు లెక్కల పలక ఇవ్వగానే దానిని విసిరివేస్తున్నాడనుకుందాం. ఉపాధ్యాయుడు అతనిని బయట కూర్చోబెడతాడు. ఇది శిక్ష అని ఉపాధ్యాయుడు భావిస్తాడు. బాలునికి మాత్రం లెక్క తప్పింది. మరునాడు పలక మళ్ళీ ఎగురుతుంది. పని తప్పించుకోవడం, ఇతరుల దృష్టి పొందడం, కోరిన వస్తువు పొందడం, ఇంద్రియానుభూతి అనేవి సాధారణంగా కనిపించే ప్రయోజనాలు. అయితే వీటిని వెదకేముందు చెవిపోటు, పంటి నొప్పి, మూర్ఛ వంటి శారీరక కారణాలను పరిశీలించాలి.

3. శిక్షణాంశాలు

1984లో సికింద్రాబాదులో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఈ రంగానికి గట్టి పునాది వేసింది. రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ అక్కడ రూపొందించిన 'బేసిక్-ఎం.ఆర్.' మాపని 1992లో వెలువడింది. దాని మొదటి భాగం నైపుణ్యాలను, రెండవ భాగం సమస్యాత్మక ప్రవర్తనలను అంచనా వేస్తుంది. ఈ రెండింటినీ కలిపి చూడటం ముఖ్యం. అడగడం రాని బిడ్డ విసరడం ద్వారా అడుగుతాడు. 1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ ప్రచురించిన అధ్యయనం సమస్యాత్మక ప్రవర్తన స్థానంలో అదే ప్రయోజనం నెరవేర్చే భావప్రకటనను నేర్పవచ్చునని చూపింది. పై బాలునికి 'సాయం కావాలి' అనే బొమ్మకార్డు ఇచ్చి, చూపిన వెంటనే సాయం చేయాలి.

మరొక విషయాన్ని ఉపాధ్యాయునికి ముందే చెప్పాలి. పాత ప్రవర్తనకు ఫలితం ఆగిన తొలి రోజులలో అది తాత్కాలికంగా పెరగవచ్చు. ఈ సంగతి తెలియనివారు పద్ధతి విఫలమైందని భావించి మధ్యలో విడిచిపెడతారు.

4. ముగింపు

విద్యాహక్కు చట్టం (2009) 17వ విభాగం శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. బెత్తం వద్దన్నప్పుడు దాని స్థానంలో ఏమి చేయాలో నేర్పడం వ్యవస్థ బాధ్యత. అది ఒకరోజు ఉపన్యాసంతో తీరదు. తరగతిలో పరిశీలన, నమోదు పుస్తకం, అనుభవజ్ఞుని సలహా, ఇంట్లోనూ అదే స్పందన ఉండేలా తల్లిదండ్రులకు వివరణ - ఈ నాలుగూ కలిసినప్పుడే శిక్షణ బిడ్డ దాకా చేరుతుంది.