పండు మీది ఈగ, పసివాడి చూపు



మద్దిలపాలెం కూడలిలో బండి మీద అరటిపళ్ళు కొని తెచ్చి బుట్టలో పెట్టారనుకోండి. మూడో రోజుకల్లా నువ్వుగింజంత ఈగలు వాటి మీద ముసురుకుంటాయి. విసుక్కుని చేత్తో తోలేస్తాం. దగ్గరగా చూస్తే వాటి కళ్ళు కుంకుమలా ఎర్రగా ఉంటాయి. ఒక్కొక్క కంటిలో ఏడెనిమిది వందల బుల్లి కళ్ళు! ఈ ఈగ పేరు డ్రోసోఫిలా. మన పిల్లల చూపు గురించి ఇది చెప్పిన సంగతులు చాలా ఉన్నాయి.

గుడ్డు పెద్ద ఈగ కావడానికి పది రోజులు చాలు. అందుకే తాతల పోలికలు మనవలకి ఎలా వస్తాయో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు దీన్ని సీసాల్లో పెంచుతారు. 1910లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ అనే ఆచార్యుడికి ఒక తెల్లకళ్ళ మగ ఈగ కనిపించింది. దాన్ని ఎర్రకళ్ళ ఆడ ఈగలతో జతపరిస్తే పిల్లలు దాదాపు అన్నీ ఎర్రకళ్ళవే పుట్టాయి. తెల్లకన్ను పోయిందనుకుంటాం కదూ! మనవల తరంలో మళ్ళీ బయటపడింది. 2,459 ఆడ ఈగలు, 1,011 మగ ఈగలు ఎర్రకళ్ళతో పుడితే, 782 మగ ఈగలు తెల్లకళ్ళతో పుట్టాయి. తెల్లకళ్ళ ఆడ ఈగ ఒక్కటీ లేదు. అంటే, ఎర్రకళ్ళున్న తల్లులే తమలో దాగిన లోపాన్ని కొడుకులకి అందించాయన్నమాట. మనుషుల్లో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం కూడా చాలావరకు ఇలాగే తల్లుల ద్వారా కొడుకులకి వస్తుంది.

కన్ను తెల్లగా ఉంటే నష్టమేమిటంటారా? ఈగ కంటి రంగు అలంకారం కాదు. ఒక బుల్లికంటి వెలుతురు పక్కదానిలోకి పోకుండా ఆపే తెర అది. శరీరం ఎలా తయారు కావాలో తెలిపే రాతలాంటిది జన్యువు. ఆ రాతలో ఒకచోట తప్పు దొర్లితే తెర ఏర్పడదు. వెలుతురు తెలుస్తుంది గాని, వస్తువు ఆకారం అలుక్కుపోతుంది.

వెలుతురుని పట్టుకునే రొడాప్సిన్ అనే పదార్థం ఈగ కంటిలోనూ, మన కంటిలోనూ ఉంది. దాని జన్యువు చెడితే ఈగ కంటిలోని కణాలు క్రమంగా నశిస్తాయి. రెటినైటిస్ పిగ్మెంటోజా అనే జబ్బున్న కొందరిలో కూడా రొడాప్సిన్ జన్యువులోనే తప్పు ఉందని 1990లో కనిపెట్టారు. ఇంకా అనేక జన్యువుల వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది. సాధారణంగా మొదట రేచీకటి, తర్వాత పక్కచూపు తగ్గడం దీని లక్షణాలు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. దీపాలు పెట్టే వేళకి పిల్లవాడు గడప తట్టుకుని పడుతుంటే, ఆకుకూరలు తినకపోవడం వల్లేనని సరిపెట్టుకుంటాం. విటమిన్ ఎ లోపమైతే డాక్టరు మందుతోనూ, మునగాకు, తోటకూర, బొప్పాయిలతోనూ గుణం కనిపిస్తుంది. జన్యువులోని తప్పు ఆకుకూరలతో పోదు. ఏది ఏదో ఇంట్లో తేల్చుకోలేం. ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకి చూపించాలి. మన విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది.

ఈ జబ్బులో చాలా రకాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు కలిస్తేనే పైకి వస్తాయి. ఒక్క ప్రతే ఉన్నవారికి చూపు చక్కగానే ఉంటుంది. అలాంటివారు ఇద్దరూ దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి నాలుగింట ఒక పాలు ప్రమాదం ఉంటుంది. మేనరికంలో అబ్బాయి అమ్మమ్మే అమ్మాయికి నాయనమ్మ. అందుచేత ఒకే తప్పు ఇద్దరికీ చేరే అవకాశం హెచ్చు.

ఇలాంటి బిడ్డ పుడితే "అంతా కోడలి వల్లే" అని నిష్ఠూరమాడే అత్తగార్లున్నారు. ఆ కోడలు తన అన్నగారి కూతురే అయినప్పుడు, ఆ తప్పు తన పుట్టింటి నుంచే కొడుక్కీ, కోడలికీ వచ్చి ఉండవచ్చు గదా! ఎవరూ కోరి తెచ్చింది కాదు. మోసినవారికే తెలియనిదానికి నింద ఎందుకు?

మేనరికం ఖాయం చేసుకునే ముందు కట్నకానుకల మాట కాదు, ఇంట్లో ఎవరికైనా రేచీకటి ఉందా అని అడగండి. ఉంటే దాచకండి, డాక్టరు సలహా తీసుకోండి. ఒక బిడ్డకి జబ్బు తేలితే మిగతా పిల్లలకీ కళ్ళు పరీక్ష చేయించండి.