చెయ్యి పోతే చేతిలో పెట్టేదెంత?

(మా గ్రామీణ విలేకరి)

నూర్పిడి మిషన్‌లో చెయ్యి పడుతుంది. రైసు మిల్లు బెల్టు వేళ్లు లాక్కుపోతుంది. చీమకుర్తి వైపు క్వారీలో రాయి కాలిమీదికి దొర్లుతుంది. ప్రమాదం ఏదైనా ఆ తర్వాత జరిగే తంతు ఒకటే. యజమాని ఆసుపత్రి ఖర్చు భరిస్తాడు. వారం పది రోజులకు పెద్దమనుషులు కూర్చుంటారు. "ఆయన మాత్రం కావాలని చేశాడా" అని సర్దిచెప్పి, పాతిక వేలో యాభై వేలో ఇప్పిస్తారు. ఇకపై ఏమీ అడగనని రాసిన కాగితం మీద కూలీ వేలిముద్ర వేస్తాడు.

ఆ కాగితం చెల్లదు. పరిహారం హక్కు వదులుకున్నట్టు కూలీ చేత రాయించుకున్న ఏ ఒప్పందానికీ విలువ లేదని చట్టమే చెబుతున్నది. వేలిముద్ర వేసినవారు కూడా జిల్లా కేంద్రంలోని కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు ప్రమాదం జరిగిన నాటినుంచి రెండేళ్లు.

1923 నాటి చట్టం కింద నడిచిన ఈ వ్యవహారం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లోకి మారింది. పేరు మారింది గాని లెక్క కట్టే తీరు మారలేదు. ఉదాహరణకు 35 ఏళ్లు నిండిన కూలీకి నెల సంపాదన 10,000 రూపాయలు, ఒక చెయ్యి మణికట్టు దాకా పోయిందనుకోండి. సంపాదనలో 60 శాతం 6,000. ఆ వయసుకు పట్టికలో వున్న అంకె 197.06. రెండూ గుణిస్తే 11,82,360. చెయ్యి పోతే నష్టం 60 శాతమని జాబితాలో వుంది గనుక వచ్చేది 7,09,416 రూపాయలు. పెద్దమనుషుల పాతిక వేలు ఎక్కడ, ఇదెక్కడ? నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ అదనం. సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా కూడా పడవచ్చు.

జాబితాలో వున్న శాతమే ఆఖరు కాదు. ఒడిశాలో సినిమా హాలు పనిలో ఒక వడ్రంగికి ఎడమ చెయ్యి పోయింది. ఒంటిచేత్తో వడ్రంగం చేయడం ఎలాగని, అతనికి పూర్తి నష్టం కింద కట్టిన 9,800 రూపాయల పరిహారాన్ని 1975లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

"నీ అజాగ్రత్తే కదా" అనే మాట కూడా నిలవదు. అజాగ్రత్త వున్నంత మాత్రాన పరిహారం పోదు. తాగి పనిలోకి దిగినా, రక్షణ నియమాలు కావాలని మీరినా మాత్రం ఇబ్బందే. అయితే ప్రాణం పోయినా, పూర్తిగా పనికి రాకుండా పోయినా అదీ అడ్డు కాదు. మేస్త్రీ కింద పనిచేసినవారు అసలు యజమానినే అడగవచ్చు. ట్రాక్టరుతోనో, కరెంటు యంత్రంతోనో సేద్యం జరిగే చోట పనిచేసే కూలీ సైతం దీని కిందికి వస్తాడు. ఇది చాలామందికి తెలియదు. ఇ.ఎస్.ఐ. వున్న కార్మికులకు మాత్రం దారి వేరు, వారు ఇ.ఎస్.ఐ. కార్యాలయానికే పోవాలి.

ఇక వకీలు సంగతి. ఆసుపత్రి గుమ్మంలోనే "కేసు నేను చూస్తా, వచ్చినదాంట్లో సగం నాది" అనే దళారీలు తగులుతారు. వారితో పని లేదు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ వున్నది. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. తక్కినవారికి ఆదాయ పరిమితి వుంది. ఫోను నెంబరు 15100.

అసలు చిక్కు సాక్ష్యం దగ్గర వస్తుంది. కూలీకి జీతం చీటీ వుండదు. తోటివాడు నోరు విప్పితే రేపు అతనికీ పని వుండదు. అందుచేత ఆసుపత్రి చీటీలు, పోలీసు రిపోర్టు నకలు, డాక్టరు ఇచ్చిన వైకల్య ధృవపత్రం భద్రపరచుకోవాలి. ప్రమాదం సంగతి యజమానికి స్పీడ్ పోస్టులో తెలియజేసి రసీదు దాచుకోవాలి.

కూలీ చనిపోతే, మూడు నెలల జీతం మించని అడ్వాన్సు తప్ప, భార్య చేతికి నేరుగా ఇచ్చినది పరిహారం కింద లెక్కకు రాదు. సొమ్ము అధికారి వద్దే జమ కావాలి. యజమాని హైకోర్టుకు అప్పీలు పోదలచినా ముందు ఆ సొమ్ము కట్టిన రసీదు జతపరచవలసిందే.