గ్రామసభ పుస్తకం - మన సంతకం

చెరువు మన ఊరిది. మంచినీళ్ళ బోరు మన ఊరిది. వీధి కాలువ మన ఊరిది. కాలువ ఎక్కడ తవ్వాలి? చెత్త ఎక్కడ పొయ్యాలి? ముందు ఏ వీధికి కుళాయి వెయ్యాలి? ఈ సంగతులు ఎవరు తేల్చాలి?

"సర్పంచి చూసుకుంటాడు" అంటారు కొందరు. "పెద్దమనుషులు ఉన్నారు కదా" అంటారు మరికొందరు. మరి నీళ్ళు మోసేది ఎవరు? మురుగు పక్కనే వంట చేసుకునేది ఎవరు? బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రికి ఎత్తుకొని పోయేది ఎవరు? ఆడవాళ్ళే కదా! అందుకే ఈ సంగతులు తేల్చే చోట ఆడవాళ్ళు ఉండాలి. ఆ చోటు పేరే గ్రామసభ.

గ్రామసభ అంటే ఏమిటి?

పంచాయతీ వేరు. గ్రామసభ వేరు. పంచాయతీ అంటే మనం ఓటు వేసి గెలిపించిన సర్పంచి, వార్డు సభ్యులు. గ్రామసభ అంటే ఊరి ఓటర్లందరూ. ఓటర్ల జాబితాలో పేరు ఉంటే చాలు. ఆమె గ్రామసభ సభ్యురాలే. ఆమెను రావద్దనే హక్కు ఎవరికీ లేదు.

1993లో రాజ్యాంగం 73వ సవరణ అమలులోకి వచ్చింది. దానితో గ్రామసభకు రాజ్యాంగంలో చోటు దొరికింది. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలని అందులో రాశారు. తెలంగాణ 2018లో తన చట్టం తాను చేసుకుంది. అక్కడ రెండు నెలలకు ఒకసారి పెట్టాలి.

సభలో ఏం మాట్లాడతారు? పంచాయతీ జమాఖర్చులు చెప్పాలి. ఆ ఏడు చెయ్యబోయే పనులు చెప్పాలి. కొత్త పన్ను వెయ్యాలన్నా అక్కడ పెట్టాలి. పథకాలు ఎవరికి ఇవ్వాలో కూడా అక్కడే మాట్లాడాలి.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం ఆడవాళ్ళకే. కుర్చీలో ఆడమనిషి కూర్చున్నా, ఎదురుగా ఆడవాళ్ళు లేకపోతే ఆమె మాటకు బలం ఎక్కడిది?

పుస్తకంలో ఏం రాశారు?

సభలో అన్న మాట గాలిలో కలిసిపోతుంది. పుస్తకంలో రాసిన మాట నిలుస్తుంది. సభలో ఒప్పుకున్న మాటను తీర్మానం అంటారు. దాన్ని తీర్మానాల పుస్తకంలో రాస్తారు. వచ్చినవాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తారు.

ఒక ఊళ్ళో ఇలా జరిగిందనుకుందాం. కాలనీ ఆడవాళ్ళు సభకు పోయారు. "మా వీధికి మురుగు కాలువ కావాలి" అని అడిగారు. అందరూ సరే అన్నారు. పుస్తకంలో మాత్రం "బజారులో సిమెంటు రోడ్డు వెయ్యాలి" అని రాశారు. వేలిముద్ర వేసే ఆమెకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? కాలువ రాలేదేమని రేపు అడిగితే, "మీరే కదమ్మా రోడ్డుకు ఒప్పుకున్నారు, ఇదిగో మీ ముద్ర" అంటారు.

చదువు వచ్చిన ఆమెను ఇలా మోసం చెయ్యలేరు. అయితే ఆమె చదివి సంతకం పెట్టాలి. చదవకుండా పెట్టిన సంతకం కూడా వేలిముద్ర లాంటిదే.

అందుకని ఈ నాలుగు సంగతులు గుర్తు పెట్టుకోవాలి.

తీర్మానం పైకి చదివి వినిపించమని అడగాలి.

తరువాత తాము కూడా చదువుకోవాలి. కూడబలుక్కొని చదివినా ఫరవాలేదు. ఎవరు తొందరపెట్టినా తొందరపడరాదు.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టరాదు. రాతకూ సంతకానికీ మధ్య ఖాళీ జాగా ఉంటే గీత కొట్టమనాలి.

తేదీ, తీర్మానం నంబరు ఇంటికి వచ్చి రాసి పెట్టుకోవాలి.

తరువాత ఆ తీర్మానం నకలు కూడా అడగవచ్చు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తెల్లకాగితం మీద అర్జీ రాస్తే చాలు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరి స్థాయి ఆఫీసులో అర్జీకి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుంటే?

పెద్ద ఫ్యాక్టరీ గానీ, గని గానీ వస్తుంటే మరొక సభ కూడా ఉంటుంది. దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం దీన్ని కాలుష్య నియంత్రణ మండలి జరుపుతుంది. కలెక్టరు గానీ, ఆయన తరఫున మరో అధికారి గానీ వచ్చి కూర్చుంటారు. 30 రోజుల ముందే పేపర్లో వెయ్యాలి. ఫ్యాక్టరీ వల్ల నీటికి, గాలికి ఏమవుతుందో చెప్పే నివేదిక ఉంటుంది. దాని సారాంశం మన భాషలో ఉండాలి. సభకు వచ్చిన వాళ్ళందరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలి. మాట్లాడడానికి బెదురైతే రాసి ఇవ్వవచ్చు. చివర ఎవరేమన్నారో రాసి, మన భాషలో చదివి వినిపించాలి. ఇక్కడ కూడా చెవి పెట్టి వినాలి. మన మాట రాయకపోతే అప్పుడే అడగాలి.

నియమగిరి మాట

పార్వతీపురం మన్యం జిల్లాకు ఆనుకొని ఒడిశా రాష్ట్రం ఉంది. అక్కడ నియమగిరి కొండలున్నాయి. శ్రీకాకుళం జిల్లాకు వచ్చే వంశధారలోకి నీళ్ళు తెచ్చే వాగులు ఆ కొండల్లో పుడతాయి. అక్కడ డోంగ్రియా కోందులనే గిరిజనులు ఉంటారు. ఆ కొండల్లో బాక్సైటు తవ్వాలని అనుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. గ్రామసభలను అడగమని 2013 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. ఆ ఏడు జూలై, ఆగస్టు నెలల్లో 12 ఊళ్ళలో సభలు పెట్టారు. జడ్జి వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్ళు కూడా లేచి మాట్లాడారు. 12 ఊళ్ళూ వద్దనే తీర్మానం చేశాయి. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ గనికి అనుమతి ఇవ్వలేదు.

అన్ని చోట్లా గ్రామసభ మాటే చివరి మాట కాదు. నియమగిరిలో గిరిజనుల అటవీ హక్కుల చట్టం వాళ్ళకు అండగా నిలిచింది. అయినా ఒకటి నిజం. పుస్తకంలో ఉన్న మాటను ఆఫీసులో చూపవచ్చు, కోర్టులో చూపవచ్చు. పుస్తకంలో లేని మాటను ఎక్కడ చూపుతాం?

ఒక్కరే పోతే బెదురు పుడుతుంది. పదిమంది కలిసి పోతే ధైర్యం వస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మాన్పించిన ఆడవాళ్ళు చదువు కేంద్రంలోనే కలుసుకున్నారు. పాఠం చదివారు, మాట్లాడుకున్నారు, కలిసి కదిలారు. వాళ్ళ కదలిక జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో గ్రామసభ చివరిసారి ఎప్పుడు జరిగింది? మీలో ఎంతమంది పోయారు?

2. ఆ రోజు పుస్తకంలో ఏం రాశారో మీకు తెలుసా?

3. ఈసారి సభలో అడగవలసిన పని ఒకటి అనుకోండి. దాన్ని తీర్మానంలా రెండు వాక్యాల్లో రాయండి. అందరూ చదవండి. తరువాత సంతకాలు పెట్టండి.